నాన్నగారి కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయించమంటున్నారు, ఫైళ్లు పోయినట్టేనా?

ప్రశ్న: మాది తణుకు. మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. 2011లో కొన్న డెస్క్‌టాప్‌లో, విండోస్ 7 మీద, అను ఫాంట్లతో మా ఊరి చరిత్ర, శతకాల మీద వ్యాసాలు టైప్ చేసుకునేవారు. కిందటేడు ఆయన పోయాక ప్లగ్గు పీకేసి, గుడ్డ కప్పి పక్కన పెట్టాం. ఈ మధ్య ఆన్ చేస్తే నల్లటి తెర మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అని వస్తోంది, ఎఫ్1 నొక్కమంటోంది. తేదీ 2010 అని చూపిస్తోంది. ఒక్కోసారి ఫ్యాన్ తిరుగుతుంది గానీ తెర మీద ఏమీ రాదు. ఎఫ్1 నొక్కితే విండోస్ వస్తుంది, కానీ నేను పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటుంది. అదే పాస్‌వర్డ్ మా అబ్బాయి కొడితే తీసుకుంది! మొదటిరోజు అన్నీ కనిపించాయి. చూస్తుండగానే కరెంటు పోయింది. మర్నాడు తెరిస్తే డెస్క్‌టాప్ అంతా ఖాళీ, మూలన టెంపరరీ ప్రొఫైల్ అని ఏదో సందేశం. రిపేరు షాపులో ఫార్మాట్ చేసి విండోస్ 10 వేస్తామంటున్నారు. తమ్ముడేమో పాతసామాన్లకు వేసేయమంటున్నాడు. నాన్నగారి ఫైళ్లు పోయినట్టేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక పాఠకురాలు, తణుకు

సమాధానం: అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఫైళ్లు పోలేదనే నా నమ్మకం. మీరు రాసినదాన్నిబట్టి అవి ఆ హార్డ్ డిస్క్‌లో ఉన్నచోటే ఉన్నాయి. మొదటిరోజు అన్నీ కనిపించాయన్నారు. ఎవరూ ఏదీ డిలీట్ చేయలేదు. కరెంటు పోయి వచ్చాక ఖాళీ తెర వచ్చింది, దాంతోపాటే టెంపరరీ ప్రొఫైల్ అన్న సందేశమూ వచ్చింది. ఈ లక్షణాలు కలిసి వచ్చినప్పుడు దాదాపు ప్రతిసారీ తేలేది ఒకటే: విండోస్ నాన్నగారి ఖాతాను సరిగా తెరవలేకపోయింది, ఆ పూటకి పనికొచ్చే ఒక ఖాళీ ఖాతాను మీ ముందు పెట్టింది. ఇప్పుడు ఆ ఫైళ్లను నిజంగా పోగొట్టగలిగేది ఫార్మాటే. కాపీ చేతికి వచ్చేదాకా దానికి ఒప్పుకోకండి. తమ్ముడి మాట కూడా అప్పటిదాకా వినకండి.

షాపువాళ్లకు దురుద్దేశం ఉందని నేననను. ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేయడం వాళ్లకు చేయి తిరిగిన పని, చేస్తే గ్యారంటీగా కంప్యూటర్ నడుస్తుంది. ఖాతాను బాగుచేయాలంటే ఓపిగ్గా కూర్చోవాలి, దానికి ఎవరూ ఎక్కువ డబ్బు ఇవ్వరు. వాళ్లు ఇంకో మాట కూడా అని ఉంటారు: ‘సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, డీలో ఉన్నవి పోవు’ అని. అది నిజమే, కానీ మీకు పనికిరాని నిజం. విండోస్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. నాన్నగారు పనిగట్టుకుని డీలో దాచి ఉంటే తప్ప, సీ పోతే ఆయన రాసినవీ పోతాయి.

మీ ఉత్తరంలో సమస్య ఒకటి కాదు. తేదీ గోల వేరు, పాస్‌వర్డ్ తీసుకోకపోవడం వేరు, ఖాళీ డెస్క్‌టాప్ వేరు, తెర నల్లగా ఉండిపోవడం వేరు. అన్నీ ఒకేసారి మీద పడటంతో కంప్యూటర్ మొత్తం పాడైందనిపిస్తుంది. విడదీసి చూస్తే ఒక్కొక్కటీ చిన్నదే. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం ముఖ్యం. కాపీ ముందు. రిపేరు ఆ తర్వాతే.

కాపీ సంగతి ఇప్పుడే చూద్దాం, ఎందుకంటే దానికి మీకు ఎవరి సాయమూ అవసరం లేకపోవచ్చు. ఆ ఖాళీ డెస్క్‌టాప్ వచ్చినప్పుడే స్టార్ట్ నొక్కి, కంప్యూటర్ తెరిచి, సీ డ్రైవ్‌లోకి వెళ్లండి. అక్కడ యూజర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని తెరిస్తే టెంప్ అనే పేరుతో ఒకటి, పబ్లిక్ అని ఒకటి, వాటి పక్కనే నాన్నగారి ఖాతా పేరుతో ఇంకొకటి కనిపించాలి. టెంప్ అన్నది విండోస్ మీకు తాత్కాలికంగా ఇచ్చిన ఖాళీ ఫోల్డర్. నాన్నగారి పేరున్నదాన్ని తెరవండి. అందులో డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, మై పిక్చర్స్ ఉంటాయి. ఆయన వ్యాసాలు అక్కడ మీకు కనిపిస్తాయనే అనుకుంటున్నాను. ఒక్కోసారి అనుమతి లేదంటూ చిన్న పెట్టె వస్తుంది. కంటిన్యూ నొక్కి కాసేపు ఆగండి, తెరుచుకుంటుంది.

కనిపించగానే అక్కడే తెరిచి చదవడం మొదలుపెట్టకండి. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గానీ, పెద్ద పెన్ డ్రైవ్ గానీ పెట్టి, నాన్నగారి పేరున్న ఫోల్డర్లోంచి ఈ మూడింటినీ, డౌన్‌లోడ్స్‌నీ కాపీ చేయండి. కట్ చేయొద్దు, కాపీయే. తర్వాత డీ డ్రైవ్ కూడా ఉంటే దాన్నీ పూర్తిగా తీసుకోండి. పాత డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) అలవాటున్నవాళ్లు ఫైళ్లను ఎక్కడపడితే అక్కడ సేవ్ చేస్తుంటారు. ఆ పనికి వాడే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ నాన్నగారు వాడి ఉంటే ఆ ఫైళ్ల పేర్ల చివర పీ65 అనో పీఎమ్‌డీ అనో ఉంటుంది. సీ డ్రైవ్ తెరిచి పైన కుడిపక్క వెతికే గడిలో ఆ అక్షరాలు కొడితే, వేరే ఫోల్డర్లలో ఉన్నవి కూడా బయటపడతాయి. చివరిగా విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసుకోండి. ఇది ఎందుకో కింద చెబుతాను, కానీ మరిచిపోవద్దు.

కాపీ అయ్యాక దాన్ని వేరే కంప్యూటర్‌కి తగిలించి, ఫోటోలు నాలుగైదు తెరిచి చూడండి. ఫైళ్ల జాబితా కనిపించినంత మాత్రాన కాపీ సరిగ్గా అయినట్టు కాదు. అన్నీ బాగున్నాయనుకున్నాక ఇంకో కాపీ చేసి తమ్ముడి ఇంట్లో పెట్టండి. రెండు కాపీలు రెండు ఇళ్లలో ఉంటే, ఆ తర్వాత ఈ కంప్యూటర్‌కి ఏమైనా మీరు ధైర్యంగా ఉండొచ్చు.

ఈ పని జరుగుతున్నంతసేపూ ఒక జాగ్రత్త. ఆ తాత్కాలిక డెస్క్‌టాప్ మీద ఏదీ సేవ్ చేయకండి. లాగాఫ్ చేయగానే విండోస్ ఆ టెంప్ ఫోల్డర్‌ని తుడిచేస్తుంది. ఆ సందేశంలో ఉన్నది కూడా అదే. మీరుగానీ, అబ్బాయిగానీ ఈ లోపు అక్కడ ఏదైనా పెట్టి ఉంటే, ఆఫ్ చేయకముందే దాన్ని కూడా పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి.

కాపీ చేస్తుండగా ఒక్కో ఫైలు దగ్గర చాలాసేపు ఆగిపోతుంటే, లేదా డబ్బాలోంచి టిక్కు టిక్కుమని లయగా చప్పుడు వస్తుంటే, వెంటనే ఆపి ప్లగ్గు తీసేయండి. అది హార్డ్ డిస్కే అలసిపోతున్న లక్షణం. అలాంటి డిస్క్‌ని పదే పదే ఆన్ చేసినకొద్దీ పరిస్థితి చెడుతుంది. ఆ పరిస్థితిలో చెక్ డిస్క్ నడపడం కూడా తప్పే. డిస్క్ మొత్తాన్నీ మూలమూలలా చదివించే పని అది, నీరసించిన డిస్క్‌కి అంత పని పెట్టకూడదు. అప్పుడు డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి, ఖర్చు ఎక్కువే అవుతుంది. మీ ఉత్తరంలో మాత్రం అలాంటి చప్పుడు గురించి ఏమీ లేదు, కాబట్టి ఇప్పుడే భయపడకండి.

విండోస్ అసలు పైకే రాకపోయినా దారి ఉంది. ఇంకో కంప్యూటర్‌లో ఒక పెన్ డ్రైవ్ మీద, విండోస్‌కి బదులుగా వాడే లైనక్స్ మింట్ లాంటిది ఎక్కించి, దాంతో ఈ కంప్యూటర్‌ని స్టార్ట్ చేయవచ్చు. అప్పుడు లైనక్స్ మొత్తం పెన్ డ్రైవ్ నుంచే నడుస్తుంది, హార్డ్ డిస్క్ మీద ఏమీ రాయదు. ఇన్‌స్టాల్ అన్న బొమ్మ జోలికి మాత్రం వెళ్లకూడదు. సీ డ్రైవ్‌ని తెరిచి యూజర్స్ ఫోల్డర్లోంచి అన్నీ తీసుకోవచ్చు, విండోస్ పాస్‌వర్డ్ కూడా అడగదు. పాస్‌వర్డ్ మర్చిపోయిన పాఠకులు కూడా ఈ దారి గుర్తుపెట్టుకోవచ్చు. ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది: మామూలు విండోస్ పాస్‌వర్డ్ పెట్టిన డిస్క్‌ని ఎవరి చేతికి ఇచ్చినా వాళ్లు లోపల ఉన్నవన్నీ చదవగలరు. అందుకే పాతసామాన్లవాళ్లకు ఇచ్చేటప్పుడు హార్డ్ డిస్క్ విప్పి ఇంట్లో ఉంచుకోమంటాను.

ఇక రిపేరు. మొదట తేదీ గొడవ, ఎందుకంటే ఇది అన్నిటికంటే తేలిక. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి ఒక బ్యాటరీ ఉంటుంది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు తేదీ, టైము, ఏ డిస్క్ నుంచి స్టార్ట్ కావాలన్న సెట్టింగులు గుర్తుండేది దానివల్లే. ఆ సెట్టింగులు దాచుకునే చోటునే సీమాస్ అంటారు, మీకు వచ్చే ఎర్రర్ దాని గురించే. ప్లగ్గు పెట్టి ఉన్నంతకాలం, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, గోడ నుంచి వచ్చే కరెంటే ఆ పని చూసుకుంటుంది, బ్యాటరీ మీద పెద్దగా భారం పడదు. మీరు ప్లగ్గు పీకి నెలల తరబడి ఉంచారు. 2011 నాటి బ్యాటరీ అసలే చివరి దశలో ఉంది, ఆ నెలల్లో పూర్తిగా అయిపోయింది. మీరు చేసింది తప్పేమీ కాదు. ఉరుములు మెరుపుల కాలంలో వాడని కంప్యూటర్‌కి ప్లగ్గు తీసి ఉంచడమే మంచిది.

ఆ బ్యాటరీ పేరు సీఆర్2032. అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, అందుకే ఆ అంకెలు. మూడు వోల్టులది. వాచీల షాపులోనూ దొరుకుతుంది, ధర చాలా తక్కువ. కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క రేకు విప్పాక డబ్బా లోహాన్ని ఒకసారి ముట్టుకుని, బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పుని వేలితో వెనక్కి నొక్కితే అది పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. పాతదాన్ని చిన్నపిల్లలకు అందేచోట వదిలేయకండి. అది మింగితే గొంతులోనే లోపల కాలుస్తుంది, చాలా ప్రమాదం. ఇంట్లో మనవలెవరైనా ఉంటే ఈ మాట మరీ గుర్తుంచుకోండి.

బ్యాటరీ మార్చాక ఆన్ చేసి, సెటప్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్లి తేదీ, టైము సరిచేసి సేవ్ చేయండి. అక్కడ స్టార్ట్ అయ్యే వరుసలో హార్డ్ డిస్క్ ఉందో లేదో చూడండి. మిగతా వాటిని ముట్టుకోకండి. ముఖ్యంగా సాటా మోడ్ అని ఒకటి ఉంటుంది, అందులో ఐడీఈ అని గానీ ఏహెచ్‌సీఐ అని గానీ ఉంటుంది. ఏది ఉంటే అదే ఉంచండి. సరదాకి మార్చితే విండోస్ 7 నీలి తెర వేసి ఆగిపోతుంది. బ్యాటరీ అయిపోయినప్పుడు ఈ సెట్టింగు తనంతట తాను మారిపోయి, హార్డ్ డిస్క్ పోయిందని కొత్తది కొనిపించిన సందర్భాలూ ఉన్నాయి. మీ విండోస్ పైకి వస్తోంది కాబట్టి మీ దగ్గర అది సరిగానే ఉంది. ముందే ఆ పేజీలన్నిటినీ ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి.

తేదీ సరిచేయకుండా ఎఫ్1 నొక్కుకుంటూ గడిపేయొచ్చు గానీ, అది మంచిది కాదు. తేదీ 2010లో ఉంటే బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటునీ సురక్షితం కాదంటుంది, మీరు సేవ్ చేసే ప్రతి ఫైలుకీ తప్పు తేదీ పడుతుంది. నాన్నగారి వ్యాసాల్లో ఏది ముందు రాశారో, ఏది తర్వాతో రేపు మీరు తెలుసుకోవాలంటే ఆ తేదీలే ఆధారం. కాపీ చేసినప్పుడు ఫైలు చివరిసారి మార్చిన తేదీ అలాగే నిలుస్తుంది, కానీ తెరిచి సేవ్ కొడితే మారిపోతుంది. అందుకే తెరిచి చదవడం కాపీ అయ్యాకే అన్నాను.

పాస్‌వర్డ్ సంగతికి వస్తే, మీకు తెలియకుండానే మీరు దానికి జవాబు రాశారు. మీరు కొడితే తప్పు, అబ్బాయి కొడితే ఒప్పు. ఆ పాస్‌వర్డ్‌లో అంకెలు ఉన్నాయా? మీరు వాటిని కీబోర్డు కుడివైపు అంకెల మీటల మీద కొడుతున్నారా? అబ్బాయికి ల్యాప్‌టాప్ అలవాటు ఉంటే పైవరుసలోని అంకెలే కొడతాడు. నమ్‌లాక్ దీపం వెలగకపోతే కుడివైపు మీటలు అంకెలుగా పనిచేయవు, బాణాలుగా పనిచేస్తాయి. గడిలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి అంకెలు పడలేదన్న సంగతి మనకు తెలియదు. చుక్కలు లెక్కపెడితే తేలిపోతుంది. బ్యాటరీ అయిపోయి సెట్టింగులు మొదటికి వచ్చినప్పుడు నమ్‌లాక్ కూడా మారిపోయి ఉండొచ్చు. క్యాప్స్‌లాక్ కూడా చూసుకోండి. నాన్నగారు విండోస్‌లో తెలుగు కీబోర్డు కూడా పెట్టుకుని ఉంటే, లాగిన్ తెర మీద ఎడమవైపు పైమూల రెండు అక్షరాల గుర్తు ఉంటుంది, అది ఇంగ్లీషులోనే ఉందో లేదో చూడండి. పాస్‌వర్డ్ తీసేయాలని, మార్చాలని మాత్రం ఇప్పుడు ప్రయత్నించకండి. తెలిసిన పాస్‌వర్డ్ ఉండగా ఆ అవసరమే లేదు.

ఇప్పుడు అసలు గొడవ, ఖాళీ డెస్క్‌టాప్. ప్రతి ఖాతాకీ ఎన్‌టీ యూజర్ అనే ఒక దాచిన ఫైలు ఉంటుంది. డెస్క్‌టాప్ మీద ఏ బొమ్మ వేశారు, ఏ ప్రోగ్రామ్‌కి ఏ అమరికలు అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. లాగిన్ అవగానే విండోస్ ముందు దాన్ని చదువుతుంది. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ అందులో రాస్తూనే ఉంటుంది. అలా రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు గానీ, దాన్ని చూపించే చిట్టా గానీ సగంలో చెడుతుంది. మర్నాడు దాన్ని చదవలేక విండోస్ తాత్కాలిక ఖాతాను తెరుస్తుంది. గది తాళం బిగుసుకుపోతే ఆ రాత్రికి అరుగు మీద పడక వేసినట్టు అనుకోండి, గదిలో సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది.

మొదట ఆఫ్ చేసి, కాస్త ఆగి, మళ్లీ ఆన్ చేసి చూడండి. యాంటీ వైరస్ ఆ ఫైలుని పట్టుకుని ఉన్నప్పుడు, డిస్క్ నెమ్మదిగా ఉన్నప్పుడు కూడా ఇదే సందేశం వస్తుంది, అలాంటప్పుడు రీస్టార్ట్‌తోనే సర్దుకుంటుంది. సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో కూడా చూడండి. పూర్తిగా నిండిపోయినా ఇలాంటి అవాంతరాలు వస్తాయి.

అప్పటికీ అలాగే ఉంటే మీ ముందు రెండు దారులున్నాయి. నాకు ఇష్టమైనదీ, మీ ఇంట్లోవాళ్లే చేయగలిగినదీ ముందు చెబుతాను. కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్‌కి వెళ్లి, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కొత్త ఖాతా ఒకటి తెరవండి. తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉన్నా నాన్నగారి ఖాతాకి ఆ హక్కు పోదు, కాబట్టి అది తెరుచుకుంటుంది. రీస్టార్ట్ చేసి ఆ కొత్త ఖాతాలోకి వెళ్లండి. యూజర్స్ ఫోల్డర్లోని నాన్నగారి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌లో ఉన్నవన్నీ ఈ కొత్త ఖాతాలోని అవే ఫోల్డర్లలోకి కాపీ చేయండి. ఎన్‌టీ యూజర్ పేరుతో మొదలయ్యే ఫైళ్లు మాత్రం తేవద్దు. చెడిందే అది, దాన్ని తెస్తే జబ్బు కూడా వెంట వస్తుంది. పాత ఖాతాని డిలీట్ చేయకండి. ఎలాగూ కాపీలున్నాయి కదా అనిపించినా, కొన్నాళ్లు అలా పడి ఉండనివ్వండి. డిలీట్ చేసేటప్పుడు విండోస్ ఫైళ్లు ఉంచాలా, తీసేయాలా అని అడుగుతుంది, అక్కడ ఒక్క తప్పు నొక్కు చాలు.

రెండో దారి రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చిట్టాలో ఉంది. ఇందులో నాన్నగారి డెస్క్‌టాప్ ఉన్నది ఉన్నట్టుగా తిరిగి రావచ్చు, కానీ రిజిస్ట్రీ గురించి తెలిసినవాళ్లే చేయాలి. మీ అబ్బాయికి గానీ, షాపతనికి గానీ ఈ పేరా చూపించండి. రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషిన్ కింద సాఫ్ట్‌వేర్, అందులో మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, చివరగా ప్రొఫైల్ లిస్ట్ వరకు వెళ్లాలి. ఏదైనా మార్చే ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి. అక్కడ ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి పేర్లుంటాయి. ఒకే పొడవాటి పేరు రెండుసార్లు ఉండి, రెండోదాని చివర చుక్క, ఆ తర్వాత బీ ఏ కే అక్షరాలు ఉంటే, జరిగింది మనం అనుకున్నదే. బీ ఏ కే ఉన్నదాంట్లో ప్రొఫైల్ ఇమేజ్ పాత్ దగ్గర నాన్నగారి ఫోల్డర్ పేరే ఉందని చూసుకోవాలి. అప్పుడు మామూలుగా ఉన్నదాని పేరు చివర ఇంకేదైనా తగిలించి పక్కకు పెట్టి, రెండోదాని చివర ఉన్న చుక్కనీ ఆ మూడు అక్షరాలనీ తీసేయాలి. అందులోని స్టేట్‌ని సున్నా చేయాలి, రెఫ్ కౌంట్ అన్నది ఉంటే దాన్నీ సున్నా చేయాలి. ఒకటే పేరు ఉండి దాని చివరే బీ ఏ కే ఉంటే, దాన్ని తీసేయడమూ ఈ సున్నాలూ సరిపోతాయి. ఆ తర్వాత రీస్టార్ట్. ఈ పని కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోంచి చేయడమే మంచిది. చేసినా ఖాళీ డెస్క్‌టాపే వస్తుంటే ఎన్‌టీ యూజర్ ఫైలే చెడిందని అర్థం, మొదటి దారికే రావాలి.

ఫ్యాన్ తిరిగి తెర నల్లగా ఉండిపోవడం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చూడకుండా చెప్పేవి ఊహలే అవుతాయి. వాడకుండా ఉంచిన కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ర్యామ్ లూజ్ కాంటాక్ట్. బ్యాటరీ మార్చేటప్పుడే ర్యామ్ కర్రని తీసి, దాని బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రజను దులిపి, టక్‌మనేలా తిరిగి బిగించమనండి. దుమ్ము కూడా దులిపించండి. మదర్‌బోర్డు మీది చిన్న డబ్బాల తలలు ఉబ్బి ఉంటే, లేదా మూడు నాలుగుసార్లు నొక్కితే గానీ ఆన్ కాకపోతే, బోర్డో, కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్సో చూపించాలి. ఎస్ఎంపీఎస్ డబ్బాని ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపల ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

ఫాంట్లు కాపీ చేయమన్నది ఎందుకో చెబుతానన్నాను. ఇప్పుడు మనం ఫోన్లో కొట్టే తెలుగు యూనికోడ్. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒకే సంఖ్య, అందుకే ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగే కనిపిస్తుంది. అను ఫాంట్లతో కొట్టినది అలా కాదు. ఫైలులో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల సంఖ్యలే. వాటి మీద తెలుగు రూపం గీసేది ఆ ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో నాన్నగారి వ్యాసం తెరిస్తే అర్థంకాని అక్షరాల గుంపు కనిపిస్తుంది, ఫైలు పాడైందని జనం తీసిపారేస్తారు. ఒక తరం తెలుగు పండితులు, విలేకరులు, చిన్న పత్రికలవాళ్లు రాసినదంతా ఇలాంటి ఫైళ్లలోనే ఉంది. అవి ఇళ్లలో ఇలాగే ఫార్మాట్ అయిపోతున్నాయంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

అందుకే మీ కంప్యూటర్ ఇంకా నడుస్తుండగానే, అను ఫాంట్లు దాంట్లో ఉండగానే, ఒక్కో వ్యాసాన్నీ తెరిచి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. వర్డ్ 2010 అయితే సేవ్ యాజ్‌లోనే ఆ సదుపాయం ఉంది. పేజ్‌మేకర్ అయితే ఒక పీడీఎఫ్ ప్రింటర్ ప్రోగ్రామ్ వేసుకుని, ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్‌గా తీసుకోవాలి. పీడీఎఫ్‌లో ఫాంటు కూడా లోపలే ఇమిడి ఉంటుంది కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగే వస్తుంది. పేజ్‌మేకర్ ఫైళ్ల విషయంలో ఇది మరీ అవసరం. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబ్ దాన్ని కొనసాగించలేదు, దాని బదులు అడోబ్ తెచ్చిన ఇన్‌డిజైన్ ఈనాటి వెర్షన్ ఆ ఫైళ్లను తెరవదు. ఆ పైన తీరిక ఉన్నప్పుడు అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లతో మార్చుకోవచ్చు. ఒత్తులు, పొల్లులు అక్కడక్కడా తారుమారవుతాయి, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని దిద్దుకోవాలి. శతకాల పద్యాలు కదా, ఒక ఒత్తు జారితే గణం తప్పుతుంది.

ఇదంతా అయ్యాక కంప్యూటర్‌ని ఏం చేయాలి? విండోస్ 10 వేయించమని నేను చెప్పను. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది నిజమే, కానీ విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పాత హార్డ్ డిస్క్ మీద అది ఈడ్చుకుంటూ నడుస్తుంది, పైగా నాన్నగారి అను, పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించడానికి సీడీలు మీ దగ్గర ఉండాలి. దాన్ని విండోస్ 7తోనే ఉంచి, ఇంటర్నెట్ తీగ మాత్రం తీసేయండి. బ్యాంకు పనులు, మెయిల్ దాంట్లో అస్సలు వద్దు. ఆయన ఫైళ్లు తెరవడానికి, పీడీఎఫ్‌లు చేయడానికి అది చాలు.

యూపీఎస్ ఉంటే బ్యాటరీ చూపించండి. వాటిలో ఉండే బ్యాటరీలు సాధారణంగా రెండు మూడేళ్లకే బలహీనపడతాయి, దీపం వెలుగుతున్నా కరెంటు పోగానే చతికిలబడతాయి. యూపీఎస్ లేకపోతే ఒకటి కొనండి. రెండు వందల పేజీల పీడీఎఫ్ చేస్తుండగా మళ్లీ కరెంటు పోతే, ఇప్పటి తలనొప్పే తిరిగి వస్తుంది.

షాపుకి ఇవ్వక తప్పదనుకుంటే, హార్డ్ డిస్క్ కాపీ మీ చేతికి వచ్చాకే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు రసీదు మీద ‘ఫార్మాట్ చేయకూడదు, బ్యాటరీ మార్చాలి, యూజర్ ప్రొఫైల్ సరిచేయాలి’ అని రాయించుకోండి. కొత్తగా తెరిచిన ఖాతాలోనూ టెంపరరీ ప్రొఫైల్ సందేశమే వచ్చినా, యూజర్స్ ఫోల్డర్‌లో నాన్నగారి పేరుతో ఫోల్డరే కనిపించకపోయినా, అక్కడితో ఆపేసి కంప్యూటర్ ఆఫ్ చేయండి. తెర మీద వచ్చిన మాటల్ని ఫోన్‌తో ఫోటో తీసి, సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో కూడా రాసి నాకు మళ్లీ ఉత్తరం పంపండి.